ప్రయోగశాలలో 90 శాతం వెలిగే నానోస్ఫటికాలు బల్బులో ఎందుకు నిలవడం లేదు?

ప్రశ్న: నీలికాంతి_పీహెచ్‌డీ

అందరికీ నమస్కారం. భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తిచేసి ఈ ఏడాదే పీహెచ్‌డీలో చేరాను. దీపాలకు పనికివచ్చే కాంతి ఉద్గార హైబ్రిడ్ నానోపదార్థాల మీద పని చేయమని మా గైడ్ గారు సూచించారు. అయితే ఇంత విస్తారమైన రంగంలో ఏ పదార్థాన్ని పట్టుకోవాలో నన్నే చదివి తేల్చుకోమన్నారు. చదివినకొద్దీ సందేహాలు పెరుగుతున్నాయే తప్ప తగ్గడం లేదు కనుక ఇక్కడి పెద్దలను అడుగుతున్నాను.

నాకు అర్థమైనంతవరకు, ఇప్పుడు మన ఇళ్లలో వెలుగుతున్న తెల్లని ఎల్ఈడీ నిజానికి నీలి ఎల్ఈడీయే. ఇండియం గాలియం నైట్రైడ్ చిప్ సుమారు 450 నానోమీటర్ల వద్ద నీలికాంతిని ఇస్తుంది. దాని మీద ఉన్న సీరియం కలిపిన యిట్రియం అల్యూమినియం గార్నెట్, అంటే యాగ్ ఫాస్ఫర్, ఆ నీలిలో కొంత భాగాన్ని పీల్చుకుని పసుపుగా మారుస్తుంది. మిగిలిన నీలి, ఈ పసుపు కలిసి కంటికి తెలుపుగా కనిపిస్తాయి. 1996లో జపాన్‌కు చెందిన నిచియా సంస్థ మార్కెట్లోకి తెచ్చిన ఈ ఏర్పాటే నేటికీ మూలంలో మారలేదు.

మరోవైపు పరిశోధన పత్రాలు చూస్తే సీజియం లెడ్ హేలైడ్ (సీజియం, సీసం, వాటితో క్లోరిన్, బ్రోమిన్ లేదా అయోడిన్ ఉన్న) పెరోవ్‌స్కైట్ నానోస్ఫటికాలు, సిలికాలో పొదిగిన కార్బన్ డాట్లు (కొన్ని నానోమీటర్ల కార్బన్ కణాలు), యూరోపియం వంటి విరళ మృత్తిక లోహాల సేంద్రియ సంక్లిష్టాలు, ఇలా ఎన్నో పదార్థాలకు 80, 90 శాతం క్వాంటమ్ యీల్డ్ (పీల్చుకున్న ప్రతి వంద ఫోటాన్లకు, అంటే కాంతి కణాలకు, తిరిగి వెలువడే ఫోటాన్ల సంఖ్య) ఉందని రాస్తున్నారు. అంత బాగా వెలిగేవి ఉన్నప్పుడు కిరాణా కొట్టులో దొరికే బల్బులో వాటిలో ఒక్కటీ ఎందుకు లేదు? అడ్డు వస్తున్నది ధరా, సీసం విషమన్న భయమా, లేక పత్రాలలో కనపడని మరేదైనా కారణమా? అసలు వీటిలో ‘హైబ్రిడ్’ అన్న లక్షణం చేస్తున్న పని ఏమిటి? మా ప్రయోగశాలలో స్పెక్ట్రోఫ్లోరిమీటర్, ఓవెన్, ట్యూబ్ ఫర్నేస్, సెంట్రిఫ్యూజ్ ఉన్నాయి కానీ గ్లవ్ బాక్స్ (గాలి, తేమ తగలకుండా పని చేసే పెట్టె) లేదు. ఈ పరిమితిలో దేనిని ఎంచుకోవడం మంచిది?

జవాబు: స్ఫటికశాల

పత్రాలలో కనిపించే 90 శాతం అబద్ధం కాదు. అయితే దీపం అడిగే ప్రశ్న వేరు. ఆ కొలతను సాధారణంగా బాగా పలుచన చేసిన ద్రావణంలో, గది ఉష్ణోగ్రత వద్ద, పరికరంలోని జినాన్ దీపపు మందమైన కాంతిలో తీసుకుంటారు. బల్బులో అదే పదార్థం గట్టిపడిన సిలికోన్‌లో దట్టంగా కూరుకుని, వేడెక్కిన చిప్ పక్కన, వేల గంటలపాటు తీవ్రమైన నీలికాంతిని భరిస్తూ ఉండాలి. ఈ రెండు పరిస్థితుల మధ్య ఉన్న దూరమే మీరు అడుగుతున్న కారణంలో పెద్ద భాగం.

క్వాంటమ్ యీల్డ్ నూటికి నూరు ఉన్నా వేడి తప్పదన్న సంగతి కూడా గమనించండి. 450 నానోమీటర్ల ఫోటాన్ శక్తి సుమారు 2.76 ఎలక్ట్రాన్ వోల్టులు, 620 నానోమీటర్ల ఎరుపు ఫోటాన్ శక్తి 2 ఎలక్ట్రాన్ వోల్టులు. ఒక్క ఫోటాన్ కూడా వృథా కాకపోయినా ప్రతి మార్పిడిలోనూ నాలుగింట ఒక వంతుకు పైగా శక్తి ఆ కణం ఉన్న చోటనే వేడిగా మిగిలిపోతుంది. కణం చుట్టూ ఉన్న సిలికోన్ ఉష్ణవాహకత మీటరుకు, కెల్విన్‌కు దాదాపు 0.2 వాట్లు మాత్రమే కాబట్టి ఆ వేడి త్వరగా బయటపడదు. కనుక ఫాస్ఫర్ పొర లోపలి ఉష్ణోగ్రత చాలా సందర్భాలలో చిప్ ఉష్ణోగ్రత కంటే కూడా ఎక్కువ ఉంటుంది. యాగ్ ఫాస్ఫర్ 150 డిగ్రీల సెల్సియస్ వద్ద కూడా తన వెలుగులో అత్యధిక భాగాన్ని నిలుపుకుంటుంది. ఏ రక్షణా లేని సీజియం లెడ్ బ్రోమైడ్ నానోస్ఫటికాలు 100 డిగ్రీలకే సగానికి పైగా వెలుగు కోల్పోవడం సర్వసాధారణం.

ఇక చాలామంది విద్యార్థులు పట్టించుకోని విషయం ఒకటి ఉంది. దీపాలలో ఇప్పుడు నిజంగా లోటు ఉన్నది ఎరుపులో. యాగ్ పసుపులో ఎరుపు తక్కువ కాబట్టి, చవక బల్బు కింద టమాటా, మిరపపండు, చేతి చర్మం కాస్త పాలిపోయినట్లు కనిపిస్తాయి. బల్బు డబ్బా మీద కలర్ రెండరింగ్ ఇండెక్స్ (సీఆర్‌ఐ, రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 80 అని ఉన్నా, ఆ సగటును ఎనిమిది లేత రంగుల నమూనాలతోనే లెక్కిస్తారు. ముదురు ఎరుపును చూసే ఆర్9 అందులో చేరదు. ఆ లోటు తీర్చడానికి యూరోపియం కలిపిన నైట్రైడ్ ఫాస్ఫర్లను వాడుతున్నారు. అవి చాలా దృఢమైనవే కానీ, వాటి ఉద్గార పట్టీ (వెలువడే కాంతి తరంగదైర్ఘ్యాల విస్తృతి) సుమారు 90 నానోమీటర్ల వెడల్పుతో 700 నానోమీటర్లను దాటి సాగుతుంది. అక్కడ కంటికి చూపు దాదాపు ఆనదు. ఒక వాటు కాంతి 620 నానోమీటర్ల వద్ద వెలువడితే, 650 నానోమీటర్ల వద్ద వెలువడిన వాటు కంటే కంటికి దాదాపు మూడున్నర రెట్లు ప్రకాశవంతంగా ఉంటుంది. కనుక 620 నుంచి 630 మధ్య సన్నని ఎరుపు పట్టీ ఉన్న పదార్థం దొరికితే, రంగుల నాణ్యతను పెంచుతూనే వాటుకు వచ్చే లూమెన్లను పోగొట్టుకోకుండా ఉండవచ్చు. నానోపదార్థాలకు దీపాల రంగంలో నిజమైన అవకాశం ఉన్నది ఇక్కడే అని నా అభిప్రాయం.

ఆ స్థానంలో ఇప్పటికే ఒక పోటీదారు కూర్చుని ఉంది. మాంగనీస్ కలిపిన పొటాషియం హెక్సాఫ్లోరోసిలికేట్ 631 నానోమీటర్ల వద్ద అతి సన్నని గీతలుగా ఎరుపు ఇస్తుంది. దాని బలహీనత ఉద్గార కాలంలో ఉంది. ఉత్తేజితమైన మాంగనీస్ అయాన్ తిరిగి కిందికి రావడానికి ఎనిమిది, తొమ్మిది మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, నీలికాంతి మరీ తీవ్రమైతే అది సంతృప్తమై పోతుంది. క్వాంటం డాట్లు (కొన్ని నానోమీటర్ల అర్ధవాహక కణాలు), పెరోవ్‌స్కైట్ నానోస్ఫటికాలు కొన్ని పదుల నానోసెకన్లలోనే పని ముగిస్తాయి కనుక వాటికి ఈ ఇబ్బంది లేదు. 2015లో జ్యూరిక్‌లోని ఈటీహెచ్‌లో కొవాలెంకో బృందం సీజియం లెడ్ హేలైడ్ నానోస్ఫటికాలను ప్రకటించినప్పుడు 12 నుంచి 42 నానోమీటర్ల పట్టీ వెడల్పు, 90 శాతం వరకు క్వాంటమ్ యీల్డ్ చూపించింది. అప్పటి నుంచి వచ్చిన ఉత్సాహానికి కారణం అదే.

అయితే ఆ పత్రాలలో ఎక్కువ భాగం ఆకుపచ్చగా వెలిగే బ్రోమైడ్ రకం చుట్టూ తిరగడానికి కారణం అది సులువుగా రావడమే. ఎరుపు కావాలంటే అయోడైడ్ వైపు వెళ్లాలి. అక్కడ వెలిగే నల్లని స్ఫటిక రూపం గది ఉష్ణోగ్రత వద్ద స్థిరమైనది కాదు, వెలుగు లేని పసుపు రూపానికి జారిపోతుంది. తెల్లని ఎల్ఈడీ చేశామని చెప్పే పత్రంలో సీఆర్‌ఐ, ఆర్9, లూమెన్లు ఇవ్వకుండా ఎన్‌టీఎస్‌సీ శాతం (తెర చూపగల రంగుల విస్తృతి) మాత్రమే ఇచ్చారంటే అది టీవీ తెర కోసం రాసిన పత్రమని గ్రహించండి. టీవీకి సన్నని ఆకుపచ్చ వరం. గదిలో దీపానికి అది అంత ముఖ్యం కాదు.

‘హైబ్రిడ్’ను రెండు అర్థాలలో వాడుతున్నారు. స్ఫటికపు గూటిలోనే సేంద్రియ అయాన్ ఉండడం ఒకటి, దానికి మిథైల్ అమోనియం లెడ్ బ్రోమైడ్ ఉదాహరణ. వెలిగే కణాన్ని సేంద్రియ లైగాండ్లతో (ఉపరితలానికి అంటుకునే అణువులతో) చుట్టి, సిలికా లేదా పాలిమర్ వంటి మాతృకలో పొదగడం రెండవది. మొదటి రకంలోని సేంద్రియ అయాన్ వేడికి, తేమకు త్వరగా లొంగుతుంది. దీపం సంగతికి వస్తే రెండవ అర్థమే ప్రధానం. నన్నడిగితే ఉద్గారకం ఏదన్న ప్రశ్నకన్నా మాతృక ఏదన్న ప్రశ్న మీద నాలుగేళ్లు గడపడం మేలు.

జవాబు: దీపాల_ఇంజినీరు

నేను ఎల్ఈడీ ప్యాకేజింగ్‌లో, అంటే చిప్‌కు ఫాస్ఫర్, సిలికోన్ అమర్చి ఎల్ఈడీగా తయారుచేసే చోట, పని చేస్తున్నాను. స్ఫటికశాల గారు చెప్పిన దానికి ఫ్యాక్టరీ వైపు నుంచి కొన్ని మాటలు చేరుస్తాను.

పత్రాలలో కనపడని కారణమని అడిగారు కదా, ఒకటి చెబుతాను. చిప్ మీద ఫాస్ఫర్‌ను కలిపి పోసే సిలికోన్ రెండు భాగాలుగా వస్తుంది, ప్లాటినం ఉత్ప్రేరకంతో గట్టిపడుతుంది. అమీన్లు, గంధకం ఉన్న పదార్థాలు ఆ ప్లాటినాన్ని పనిచేయనివ్వవు. మీ పెరోవ్‌స్కైట్ నానోస్ఫటికాల మీద ఉండేది ఓలైల్ అమీన్, ఎన్నో క్వాంటం డాట్ల మీద ఉండేవి థయోల్ లైగాండ్లు. ప్రయోగశాల నుంచి వచ్చిన నమూనాను కలిపి 150 డిగ్రీల వద్ద గంటల తరబడి ఓవెన్‌లో ఉంచి తీస్తే, అంచుల వద్ద గట్టిపడి మధ్యలో వేలికి తీగలా అంటుకునే స్థితిలో సిలికోన్ ఉండడం నేను పలుమార్లు చూశాను. అటువంటి ముద్ద మీద తీగ బంధాలు నిలవవు, దుమ్ము అంటుకుంటుంది, ఆ రీలులోని ఎల్ఈడీలన్నీ పారవేయవలసిందే. అందుకని పత్రాలలో చాలామంది అతినీలలోహిత కాంతితో గట్టిపడే రెసిన్‌ను గానీ పీఎంఎంఏ అనే యాక్రిలిక్ ప్లాస్టిక్‌ను గానీ వాడి ఎల్ఈడీ వెలిగించినట్లు చూపిస్తారు. ఆ పాలిమర్లు చిప్ వేడికి, నీలికాంతికి ఎన్నాళ్లు పసుపెక్కకుండా ఉంటాయో రాయరు. కణం చుట్టూ సిలికా లేదా అల్యూమినా పొర ఉండాలని మేము పట్టుబట్టడానికి తేమ ఒక్కటే కారణం కాదు, లైగాండ్‌ను సిలికోన్‌కు తగలనివ్వకపోవడం కూడా ఒక కారణం.

కాల పరీక్ష సంగతి. ఎల్ఎం-80 అనే పద్ధతిలో ఎల్ఈడీని నిర్ణీత ఉష్ణోగ్రతల వద్ద కనీసం 6,000 గంటలు వెలిగించి, వెలుగు ఎంత తగ్గింది, రంగు ఎంత జరిగింది అని చూస్తారు. ఆ సమాచారం నుంచి టీఎం-21 అనే లెక్కతో, వెలుగు మొదటిదానిలో 70 శాతానికి పడిపోయే కాలాన్ని అంచనా వేస్తారు. పత్రాలలో 100 గంటల స్థిరత్వాన్ని గొప్పగా చెప్పడం చూసినప్పుడు మా వాళ్లు నవ్వుకుంటారు కానీ, ఆ 100 గంటలు దాటకుండా 6,000 గంటలు రావు కనుక నేను దానిని తక్కువ చేయను.

క్వాంటం డాట్లు టీవీలలోకి వెళ్లి బల్బులలోకి రాకపోవడానికి కారణం అవి ఎక్కడ కూర్చుంటాయన్నదే. టీవీలో అవి చిప్‌కు దూరంగా, తేమను అడ్డుకునే రెండు ఫిల్ముల మధ్య, చేతితో తాకగల ఉష్ణోగ్రత వద్ద ఉంటాయి. నీలికాంతి అక్కడికి చేరేసరికి తెరంతా పరచుకుని పలుచబడుతుంది. బల్బులోనూ అలా దూరంగా పెట్టవచ్చు. 2009లోనే అమెరికాలో క్యూడీ విజన్ సంస్థ నెక్సస్ లైటింగ్‌తో కలిసి క్వాంటం డాట్ ఫలకం ఉన్న దీపాన్ని ప్రకటించింది. కానీ అంత పెద్ద వైశాల్యానికి పూసినప్పుడు పదార్థం చాలా ఎక్కువ పడుతుంది. 2019లో ఆస్రామ్ చిప్ మీదనే క్వాంటం డాట్లు ఉన్న ఎల్ఈడీని సాధారణ దీపాల కోసం తెచ్చింది కాబట్టి దారి పూర్తిగా మూసుకుపోలేదు.

ధర గురించి. ఉజాలా పథకం కోసం ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్ఎల్ కొన్న ఎల్ఈడీ బల్బు ధర 2014లో 310 రూపాయల దగ్గర మొదలై, మూడేళ్లలోపే 38 రూపాయలకు దిగింది. అందులో డ్రైవర్ (చిప్‌లకు కరెంటు అందించే సర్క్యూట్), అల్యూమినియం, ప్లాస్టిక్, చిప్‌లు అన్నీ పోగా ఫాస్ఫర్ వాటాకు మిగిలేది పైసలలోనే. గ్లవ్ బాక్సులో మిల్లీగ్రాముల లెక్కన చేసిన పదార్థం ఆ బల్బులోకి రాదు. చీరల షోరూములు, నగల దుకాణాలు, శస్త్రచికిత్స గదులు, మ్యూజియాలు వంటి చోట్ల రంగు సరిగ్గా కనిపించడానికి ఎక్కువ ధర ఇస్తారు. అటువంటి దీపాన్ని మనసులో పెట్టుకుని పని చేయండి.

జవాబు: గుంటూరు_రసాయనం

పై ఇద్దరూ ఎరుపు గురించి, ప్యాకేజీ గురించి బాగా చెప్పారు. కానీ గ్లవ్ బాక్స్ లేని ప్రయోగశాలకు పెరోవ్‌స్కైటే గతి అన్నట్లు చర్చ సాగడం నాకు సమ్మతం కాదు. సీసం లేని దారులు ఉన్నాయి, వాటిలో కొన్ని మన పరికరాలకు సరిపోతాయి.

కార్బన్ డాట్ల గురించి ముందుగా ఒక హెచ్చరిక. సిట్రిక్ ఆమ్లం, ఇథిలీన్ డైఅమీన్ కలిపి ఆటోక్లేవ్‌లో (ఒత్తిడిని తట్టుకునే మూసిన పాత్రలో) 200 డిగ్రీల వద్ద కొన్ని గంటలు వేడిచేస్తే, అతినీలలోహిత టార్చి కింద కళ్లు జిగేలుమనే నీలం వస్తుంది. 2013లో చైనాలోని జిలిన్ విశ్వవిద్యాలయం బృందం ఈ జంటతో 80 శాతం క్వాంటమ్ యీల్డ్ చూపించాక ప్రపంచమంతా అదే వంటకం మొదలుపెట్టింది. ఆ నీలంలో పెద్ద భాగం కార్బన్ కణాలది కాదనీ, ఆ చర్యలో పుట్టే ఒక చిన్న పిరిడోన్ జాతి అణువుదనీ తరువాతి పరిశోధనలు తేల్చాయి. కనుక డయాలిసిస్ సంచిలో (చిన్న అణువులను మాత్రమే బయటకు వదిలే సంచిలో) ఉంచి బయటి నీటిని మార్చుతూ, సంచిలో మిగిలినదాని వెలుగును, బయటకు వచ్చిన నీటి వెలుగును విడివిడిగా కొలవండి. బయటి నీరే ఎక్కువగా వెలిగితే మీ చేతిలో ఉన్నది నానోపదార్థం కాదు. పత్రం రాసే ముందు చేయవలసిన పని ఇది, కానీ చేసేవారు తక్కువ.

కార్బన్ డాట్లకు రెండవ కష్టం ఎండినప్పుడు వస్తుంది. ద్రావణంలో వెలిగినవి పొడిగా మారగానే ఒకదానికొకటి దగ్గరై, శక్తిని పంచుకుని, చీకటైపోతాయి. సిలికా, పిండి పదార్థం, మామూలు ఉప్పు స్ఫటికాలు, వీటిలో దేనిలోనైనా వాటిని విడివిడిగా పొదిగితే వెలుగు తిరిగి వస్తుంది. హైబ్రిడ్ అన్న మాటకు ఇక్కడ చాలా సూటి అర్థం ఉంది, కణాలను ఎడంగా ఉంచడం. కానీ వీటి ఉద్గారం వెడల్పైనది, ఎరుపు వైపు వెళ్లేకొద్దీ సాధారణంగా క్షీణిస్తుంది. స్ఫటికశాల గారు కోరే సన్నని ఎరుపు వీటి నుంచి ఆశించడం కష్టం.

యూరోపియం సంక్లిష్టాల సంగతి కూడా అడిగారు. అవి 612 నానోమీటర్ల వద్ద ఇచ్చే ఎరుపు దీపానికి సరిగ్గా కావలసిన చోటనే ఉంది, పట్టీ కూడా ఎంతో సన్ననిది. యూరోపియం అయాన్ స్వయంగా కాంతిని చాలా బలహీనంగా పీల్చుకుంటుంది కాబట్టి, చుట్టూ ఉన్న బీటా డైకీటోన్ వంటి సేంద్రియ లైగాండ్ యాంటెన్నాగా పనిచేసి శక్తిని అందిస్తుంది. చిక్కేమిటంటే ఆ యాంటెన్నా పీల్చుకునేది 350 నుంచి 400 నానోమీటర్ల మధ్య. మన బల్బులోని చిప్ ఇచ్చేది 450. దానికోసం అతినీలలోహిత చిప్ పెడితే ఆ కాంతే కొంతకాలానికి లైగాండ్‌ను విరగ్గొడుతుంది. దీని ఉద్గార కాలం కూడా మిల్లీసెకను పరిధిలోనిది కావడంతో, పైన చెప్పిన సంతృప్తి సమస్య ఇక్కడా ఉంది. యాంటెన్నా శోషణను నీలి వైపు జరపడం మంచి పీహెచ్‌డీ సమస్యే, కానీ అందుకు సేంద్రియ సంశ్లేషణలో చేయి తిరిగినవారు పక్కన ఉండాలి.

నాకు ఇష్టమైనవి కాపర్ అయోడైడ్ హైబ్రిడ్లు. అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో జింగ్ లీ బృందం వీటి మీద చాలా కాలంగా పని చేస్తోంది. చవకైన కాపర్ అయోడైడ్, నైట్రోజన్ లేదా ఫాస్ఫరస్ ఉన్న సేంద్రియ లైగాండ్, ఈ రెండింటి కలయిక గది ఉష్ణోగ్రత వద్దనే అవక్షేపంగా దిగుతుంది. విరళ మృత్తికలు లేవు, సీసం లేదు, గ్లవ్ బాక్స్ అక్కరలేదు. లైగాండ్‌ను మార్చి నీలం నుంచి ఎరుపు వరకు రంగు మార్చవచ్చు. నాలుగు రాగి, నాలుగు అయోడిన్ పరమాణువులతో ఘనాకారంగా ఉండే పిరిడిన్ సంక్లిష్టాన్ని ద్రవ నైట్రోజన్‌లో ముంచి టార్చి వేస్తే, పసుపు వెలుగు కాస్తా నీలి ఊదాగా మారడం కంటితోనే చూడవచ్చు. రంగు ఉష్ణోగ్రతతో మారడం తరగతి గదిలో ముచ్చటగా ఉంటుంది కానీ దీపంలో అది లోపం, కనుక లైగాండ్ ఎంపికలో జాగ్రత్త పడాలి. పట్టీ వెడల్పుగా ఉండడం వల్ల ఇవి పసుపు ఫాస్ఫర్‌కు ప్రత్యామ్నాయం అవుతాయే తప్ప సన్నని ఎరుపుకు కావు.

ఒకే పదార్థం తెల్లగా వెలగడం మరొక దారి. 2014లో స్టాన్‌ఫర్డ్‌లో హేమమాల కరుణదాస బృందం పొరలుగా ఉండే హైబ్రిడ్ లెడ్ బ్రోమైడ్ నుంచి నేరుగా తెల్లని వెలుగు వస్తుందని చూపించింది. ఎక్సైటాన్ (కాంతి పడినప్పుడు పుట్టే ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీల జత) తన చుట్టూ స్ఫటికజాలాన్ని వంచుకుని అక్కడే చిక్కుకోవడం వల్ల ఆ వెడల్పైన పట్టీ వస్తుంది. మొదటి పదార్థపు క్వాంటమ్ యీల్డ్ 0.5 శాతమే. 2018లో చైనా పరిశోధకులు సీసం లేని సీజియం సిల్వర్ ఇండియం క్లోరైడ్‌లో కొంత సోడియం, అతి తక్కువ బిస్మత్ చేర్చి, వెచ్చని తెలుపులో దానిని 86 శాతం దాకా తీసుకువెళ్లారు. ఇది పూర్తిగా అకర్బన పదార్థమైనా, వెలుగు పుట్టే విధానం అదే. అయితే ఇది కూడా అతినీలలోహిత కాంతినే కోరుతుంది. నీలి చిప్ దానికి పనికిరాదు.

నీలికాంతి_పీహెచ్‌డీ

సర్, మేడమ్, ఇంత ఓపికగా వివరించినందుకు ధన్యవాదాలు. సిలికోన్ గట్టిపడకపోవడం గురించి నేను ఏ సమీక్షా వ్యాసంలోనూ చదవలేదు. మరో రెండు సందేహాలు ఉన్నాయి. ఆకుపచ్చ బ్రోమైడ్‌నూ ఎరుపు అయోడైడ్‌నూ కలిపి నీలి చిప్ మీద పెడితే తెలుపు రావాలి కదా, దానిని ఎవరూ నేరుగా ఎందుకు చేయరు? సీసం పరిమితి 0.1 శాతం అని చదివాను. నానోస్ఫటికాల పరిమాణం ఎంతో తక్కువ కనుక ఆ పరిమితికి లోబడడం సులువు కాదా?

జవాబు: స్ఫటికశాల

మొదటి సందేహానికి ప్రయోగమే జవాబు చెబుతుంది. టొల్యూన్‌లో ఉన్న ఆకుపచ్చ బ్రోమైడ్ ద్రావణాన్ని, ఎరుపు అయోడైడ్ ద్రావణాన్ని ఒకే సీసాలో పోసి టార్చి కింద పెట్టండి. కొద్ది నిమిషాలలోనే ఆకుపచ్చ, ఎరుపు రెండూ మాయమై, మధ్యస్థమైన పసుపు లేదా నారింజ రంగు ఒక్కటే మిగులుతుంది. స్పెక్ట్రోఫ్లోరిమీటర్‌లో చూస్తే రెండు శిఖరాలు ఒకదాని వైపు ఒకటి జరుగుతూ వచ్చి ఒక్కటవుతాయి. ఈ స్ఫటికాలలో హేలైడ్ అయాన్లు సులువుగా కదులుతాయి. బ్రోమైడ్ అటు, అయోడైడ్ ఇటు మారి అన్ని కణాలూ ఒకే కూర్పుకు వస్తాయి. ముందే బ్రోమైడ్, అయోడైడ్ కలిపి ఎరుపు చేద్దామన్నా, తీవ్రమైన కాంతి పడినప్పుడు ఒకే స్ఫటికంలో అయోడైడ్ ఎక్కువైన చోట్లు వేరుపడి రంగు ఎరుపు వైపు జరుగుతుంది. అందుకే ఒక్కో రంగు కణాన్ని విడివిడిగా సిలికాలో మూసిన తరువాతే కలపాలి. మూత ఎంత గట్టిగా పడిందో తెలుసుకోవడానికి ఇదే మంచి పరీక్ష కూడా. సిలికాలో పొదిగిన ఆకుపచ్చ పొడిని అయోడైడ్ ద్రావణంలో వేసి ఒక రోజు తరువాత శిఖరం జరగకుండా ఉందేమో చూడండి. దీనికి మీ దగ్గర ఉన్న పరికరం చాలు.

సిలికా వేయడంలోనూ ఒక చిక్కు ఉంది. సిలికా ఏర్పడాలంటే దానికి ముడిసరుకైన ఆల్కాక్సీసిలేన్‌కు నీరు కావాలి, నీరు తగిలితే పెరోవ్‌స్కైట్ కరుగుతుంది. అందుకే అమైనోప్రొపైల్ ట్రైఇథాక్సీసిలేన్‌ను వాడి, గాలిలోని కొద్దిపాటి తేమతోనే నెమ్మదిగా గట్టిపడనిచ్చే పద్ధతి 2016 నుంచి ప్రాచుర్యంలో ఉంది. మన కోస్తా జిల్లాలలో వానాకాలంలో ఆ ‘కొద్దిపాటి తేమ’ కొద్దిపాటిగా ఉండదు కనుక, ప్రతి ప్రయోగం పక్కన ఆ రోజు గదిలోని తేమ శాతం రాసుకోండి. మీ ట్యూబ్ ఫర్నేస్‌కు సరిపోయే మరో పద్ధతి ఉంది. రంధ్రాలున్న సిలికాలోకి సీజియం, సీసం, బ్రోమైడ్ లవణాలను నానబెట్టి 600 డిగ్రీల పైన వేడి చేస్తే, స్ఫటికాలు రంధ్రాలలోనే పుట్టి, ఆ రంధ్రాలు కుంగి మూసుకుపోతాయి. గ్లవ్ బాక్సూ ఓలైల్ అమీనూ రెండూ అక్కరలేదు. దీపాల_ఇంజినీరు గారి సిలికోన్ బెడద కూడా దీనితో తప్పుతుంది.

జవాబు: దీపాల_ఇంజినీరు

సీసం లెక్క మీరు అనుకున్నంత తేలిక కాదు. ఎలక్ట్రానిక్ వస్తువుల్లో ప్రమాదకర పదార్థాలను పరిమితం చేసే ఐరోపా రోహ్స్ నిబంధనల్లోనూ, మన దేశపు 2022 ఈ-వ్యర్థాల నియమాల్లోనూ ఉన్న 0.1 శాతం పరిమితిని మొత్తం బల్బు బరువు మీద లెక్కించరు. విడదీయడానికి వీలులేని ఒక్కొక్క సజాతీయ పదార్థం బరువు మీద లెక్కిస్తారు. ఫాస్ఫర్ కలిపిన సిలికోన్ పొరను అటువంటి ఒక పదార్థంగా తీసుకోండి. సీజియం లెడ్ బ్రోమైడ్ బరువులో దాదాపు 36 శాతం సీసమే. కాబట్టి ఆ పొరలో నానోస్ఫటికాల బరువు 0.28 శాతానికి చేరగానే పరిమితి ముగిసిపోతుంది. టీవీ ఫిల్ము పెద్దది కనుక అంత తక్కువ మోతాదు సరిపోవచ్చు. చిప్ మీది పలుచని పొరలో నీలికాంతిని తగినంత పీల్చుకోవడానికి అది సాధారణంగా చాలదు. కాడ్మియంకు పరిమితి ఇంకా పదింతలు కఠినం, 0.01 శాతం. కాడ్మియం సెలెనైడ్ బరువులో 59 శాతం కాడ్మియమే కనుక 0.017 శాతం దగ్గరే ఆగిపోవాలి. ఐరోపాలో డిస్‌ప్లేల క్వాంటం డాట్లకు ప్రత్యేక మినహాయింపు అవసరమైంది కూడా ఈ లెక్క వల్లనే. ఎరుపు కోసం ఇండియం ఫాస్ఫైడ్ డాట్ల వైపు పరిశ్రమ వెళ్లడానికి కారణం ఇదే. కానీ వాటి తయారీకి ఎక్కువగా వాడే ఫాస్ఫరస్ పదార్థాలు గాలి తగిలితే అంటుకునే రకం కాబట్టి, గ్లవ్ బాక్స్ లేకుండా వాటి జోలికి వెళ్లవద్దని గట్టిగా చెబుతున్నాను.

మీరు చేయగల పరీక్షలలో నేను మొదట అడిగేది ఉష్ణోగ్రత పరీక్ష. నమూనాను 25 నుంచి 150 డిగ్రీల దాకా వేడి చేస్తూ వెలుగు కొలవండి, తరువాత చల్లారుస్తూ మళ్లీ కొలవండి. వేడిలో తగ్గిన వెలుగు చల్లారాక తిరిగి వస్తే పదార్థం చెడలేదన్నమాట. రాకపోతే కణం గానీ దాని పైపొర గానీ దెబ్బతిన్నట్లే. ఆ తరువాత 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో ఉంచి చూడండి. ఈ రెండింటి ఫలితాలు ఉన్న పత్రాన్ని మా రంగంలో శ్రద్ధగా చదువుతారు.

జవాబు: గుంటూరు_రసాయనం

సీసం లెక్క చూశాక నా ఓటు ఇంకా రాగి వైపే ఉంది కానీ, ట్యూబ్ ఫర్నేస్‌లో సిలికా మూసే పద్ధతి మీ ప్రయోగశాలకు సరిపోతుందన్న స్ఫటికశాల గారి మాటను కాదనలేను. రెండింటినీ ఒక్కో చిన్న నమూనాగా చేసి, దీపాల_ఇంజినీరు గారు చెప్పిన ఉష్ణోగ్రత పరీక్ష ఒకేలా పెట్టి, గైడ్ గారికి ఆ రెండు గ్రాఫులు చూపించండి. ఘనస్థితి పొడికి క్వాంటమ్ యీల్డ్ కొలవడానికి క్వినైన్ సల్ఫేట్‌తో పోల్చే పద్ధతి పనికిరాదు, ఇంటిగ్రేటింగ్ స్ఫియర్ (అన్ని దిక్కులకు పోయే వెలుగునూ కలిపి కొలిచే గోళం) కావాలి. కేంద్ర ప్రభుత్వపు ఐ-స్టెమ్ పోర్టల్‌లో వెతికితే, దగ్గరలో ఏ సంస్థలో అది ఉందో, రుసుము ఎంతో తెలుస్తుంది. బయటివారికి కూడా సమయం ఇస్తారు.

ఒక్క జాగ్రత్త. ఏ నమూనా చేసినా, ఉద్గారకం వేయకుండా అదే సిలికాను అదే విధంగా వేడి చేసి పక్కన ఖాళీ నమూనాగా ఉంచుకోండి. సేంద్రియ ఆమ్లాలతో గానీ అమైనో సిలేన్‌తో గానీ చేసిన సిలికా, ఏ లోహమూ లేకుండానే, అతినీలలోహిత కాంతిలో నీలి తెలుపుగా వెలుగుతుంది. 1997లోనే ఆ సంగతి ‘సైన్స్’ పత్రికలో ఒక కొత్త తెల్లని ఫాస్ఫర్‌గా వెలువడింది. ఖాళీ నమూనా వర్ణపటాన్ని తీసివేయకుండా మీ కార్బన్ డాట్లకు వచ్చిన నీలాన్ని లెక్కలో వేసుకుంటే, మీరు కొలిచింది సిలికా వెలుగో, డాట్ల వెలుగో ఎవరూ చెప్పలేరు. నమూనాను 365 నానోమీటర్ల కాంతిలోనే కాక 450 వద్ద కూడా ఉత్తేజపరచి చూడండి. చిప్ ఇచ్చే కాంతి అదే కనుక, అక్కడ వెలగనిది మీ పనికి రాదు.